మైసన్న ఎడమ పక్క

మా మైసన్న ఎక్కడికి వెళ్లినా ఇద్దరుగా వెళ్లేవాడు. ఆ రెండోవాడు చచ్చిపోయి అప్పటికి ఏడేళ్లయింది.

రెండోవాడి పేరు సీమోను. ఇద్దరూ మా ఎల్లారెడ్డి వాళ్లే. సికింద్రాబాదు లష్కర్లో గుర్రాలకు మాలీసు చేస్తూ, అక్కడి సోల్జర్ల దగ్గర బాక్సింగు నేర్చుకుని వచ్చారు. మా ఊరికి కుస్తీ తెలుసు, కర్రసాము తెలుసు. చేతులకు మెత్తటి సంచులు తొడుక్కుని ఒకరి ముక్కు ఒకరు పగలగొట్టుకోవడం మాత్రం అప్పుడే చూశాం. ఆ తర్వాత కలరా గత్తరొచ్చి సీమోను పోయాడు. పోయిన సంగతి మైసన్నకు ఎవరూ చెప్పలేదేమో అనిపించేది. నడిస్తే ఎడమ పక్క ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడిచేవాడు. ఆ చోటుతో మాట్లాడేవాడు, పోట్లాడేవాడు, ఒక్కోసారి అలిగేవాడు. ఊరి కుక్కలు మైసన్నను చూసి మొరిగేవి కావు. అతని ఎడమ పక్కను చూసి మొరిగేవి.

నేను కామారెడ్డి స్టేషన్లో పార్సిళ్ల గుమస్తాను. సెలవు దొరికితే ఎల్లారెడ్డి వెళ్లి అతనితో కలిసి బస్సులో తిరిగొచ్చేవాణ్ని. బస్సులో ఎంత తొక్కిసలాట ఉన్నా మైసన్న ఎడమ పక్క సీటు ఖాళీయే. ఒకసారి బీర్కూర్ బట్టల సేటు ఒకాయన తెలియక అందులో కూర్చోబోయాడు.

"జర జూసి సేటూ! మనిషి మీద గూసుంటున్నవు."

"ఏ మనిషి?"

"నిద్రవోతున్నడు. లేపకు. లేస్తె మంచోడు గాదు."

సేటు కామారెడ్డి దాకా నిలబడే వచ్చాడు. దిగాక నా చెవిలో, ఆ సీటు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందని చెప్పాడు. ఎండ పడి ఉంటుందన్నాను. ఎండ పడుతున్నది అవతలి వైపు కిటికీలోంచి.

సీమోను తల్లి సాలవ్వ ఇంట్లో బీడీలు చుట్టేది. మైసన్నకు నా అన్నవాళ్లు లేరు, తిండి ఆమె ఇంట్లోనే. ఆమె రెండు గిన్నెలు పెట్టేది. మైసన్న ముందు సీమోను గిన్నెలోంచి వంకాయ ముక్కలు ఏరి తన గిన్నెలో వేసుకునేవాడు, సీమోనుకు వంకాయ పడదట. ఆ తర్వాత రెండు గిన్నెలూ తనే ఖాళీ చేసేవాడు.

"ఏమంటుండురా నా కొడుకు?" అని అడిగేది సాలవ్వ.

"జొన్న గట్కల ఉప్పు తక్కువైందంటుండు అవ్వా."

"వాని నోరువడ! బతికున్నప్పుడు గిట్లనే అంటుండె."

పక్కనే ఉన్న మా ఇంట్లో కూర్చుని ఈ మాటలు వింటే మూడో గొంతు కూడా వినిపించినట్టే ఉండేది. నేను భయస్తుణ్ని కాను. అయినా సాలవ్వ ఇంటికి వెళ్తే గోడకు ఆనుకునే కూర్చునేవాణ్ని.

మైసన్నకు నలభై దగ్గరపడ్డాయి. ముక్కు చదునైపోయింది. ఎడమ చెయ్యి భుజం దాటి లేవక అయిదేళ్లు. నిజామాబాదులో మీసం రాని పిల్లవాడొకడు మొదటి రౌండులోనే అతన్ని పడుకోబెట్టాడు. ఇంటికొచ్చి, చేతి సంచులను దూలానికి తగిలించి, గోడవైపు తిరిగి మంచమెక్కాడు. ఎవరు పిలిచినా లేవలేదు. తిండికి మాత్రం సాలవ్వ లాక్కుపోయేది.

అంతలో పట్నాల్లో యుద్ధం మాట ఎక్కువైంది. నలభై ఒకటిలో, జవాన్లను చేర్చుకునే పటాలం ఒకటి కామారెడ్డికి వస్తుందని, జనాన్ని పోగుచేయడానికి తమ చాంపియన్ శంషేర్ సింగుతో బాక్సింగు పెడతారని తెలిసింది. సింగు మైసన్న కంటే రెండు తరగతులు బరువైనవాడు. పదేళ్లుగా, సీమోను బతికున్న రోజుల నుంచీ, అతన్ని పడగొట్టినవాడు లేడు.

ఆ కబురు విని సాలవ్వ మైసన్న ఎడమ పక్కకు తిరిగింది. "ఏంరా సీమోనూ! శంషేర్ సింగు తోని నేనే కొట్లాడ్త అని నాకు మాటిచ్చినవు గదా. ఆడు కామారెడ్డికే వస్తుండట. పోవా?"

మైసన్న నోట్లో ముద్ద నోట్లోనే ఆగింది. "అవ్వా, వాడు... ఆలోచన జేస్తుండు."

"సచ్చినోనికి ఆలోచనేందిరా? గెలువకున్న మానె. మూడు రౌండ్లు పడకుంట నిలవడితె సాలు. నేను బండి కట్టిచ్చుకోని వచ్చి జూస్త."

మర్నాడు మైసన్న మంచం దిగాడు. "సీమోను మాట పోవద్దు తమ్మీ," అన్నాడు నాతో. "నేను గిన పడ్తె అవ్వకు మొకం జూపియ్య."

చిక్కల్లా తూకంతో వచ్చింది. సింగుతో దిగేవాడు కనీసం నూట నలభై ఏడు పౌండ్లు ఉండాలని పటాలం సుబేదారు షరతు పెట్టాడు. బక్కవాణ్ని చంపారన్న చెడ్డపేరు ఆయనకు వద్దు. మైసన్న నూట ముప్పై రెండు. నెలరోజులు రెండు గిన్నెలు నాలుగయ్యాయి. గిన్నెలు పెరిగాయి గానీ మైసన్న అయిదు పౌండ్లే పెరిగాడు.

తూకం వేసింది మా స్టేషన్ కాటా మీదే. పోటీ రోజు పొద్దున మైసన్న ఆ బల్ల ఎక్కాడు. నడుమ నిలబడలేదు, అలవాటు ప్రకారం ఎడమ పక్క చోటు వదిలి కుడి అంచున నిలబడ్డాడు. దండె సరిగ్గా నూట నలభై ఏడు దగ్గర తేలింది.

"నామ్?" అన్నాడు సుబేదారు.

"సీమోను," అన్నాడు మైసన్న.

మా హమాలీ యాకూబు వెనక నుంచి బల్ల మీద కాలి బొటనవేలు ఆనించి ఉంటాడనుకున్నాను. ఆ విద్యలో వాడు దిట్ట. మర్నాడు కేకలేస్తే వాడు తెల్లబోయాడు. "నేను నిన్న లింగంపేటల ఉన్న గద సారూ, మా చెల్లె పెండ్లికి!" నేను వెళ్లి ఒక బియ్యం బస్తా తూచి చూశాను. కాటాలో పౌండు తేడా లేదు. ఆపైన పరిశోధన మానుకున్నాను.

సాయంత్రం స్టేషన్ వెనక మైదానంలో నాలుగు గుంజలు పాతి తాళ్లు కట్టారు. సాలవ్వ బండి తాళ్లను ఆనుకునే ఉంది. మొదటి రౌండులో మైసన్నను తాళ్లే నిలబెట్టాయి. దెబ్బ దెబ్బకూ గొణుగుతున్నాడు: "సీమోనూ, జరుగు. ఎడమ దిక్కు నువ్వు జూస్కో." జనం పడీపడీ నవ్వారు. రెండో రౌండులో అతని కన్ను మూసుకుపోయింది. నవ్వులు ఆగిపోయాయి. సాలవ్వ బండి అంచును రెండు చేతులా పట్టుకుంది.

మూడో రౌండు చివర సింగు ముగించేద్దామని కుడిచెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగింది. అతను మైసన్నను చూడటం లేదు. మైసన్న పక్కనున్న ఖాళీని చూస్తున్నాడు. అప్పుడే సింగు దవడ మీద దెబ్బ పడింది, ఎడమ వైపు నుంచి. ఆ చెయ్యి లేవడం నేను చూడలేదు. దెబ్బ తగలడం మాత్రం చూశాను. సింగు మూడడుగులు వెనక్కి వెళ్లాడు, గంట కొట్టారు.

లెక్క ప్రకారం గెలిచింది సింగే. కానీ జనమంతా "సీమోను! సీమోను!" అని అరిచారు. సింగు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, "బాబూజీ, ఓ దూస్రా ఆద్మీ కౌన్ థా?" అని అడిగాడు. రెండోవాడెవడూ లేడన్నాను. అతను చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

మైసన్న వాచిన మొహంతో బండి దగ్గరికొచ్చాడు. "అవ్వా, నీ కొడుకు పడలే."

"సూసిన బిడ్డా." సాలవ్వ కొంగుతో నెత్తురు తుడిచింది. "పో, మొకం కడుక్కో."

అతను వెళ్లాక అడిగాను. "అవ్వా, సీమోను నిజంగ నీకు మాటిచ్చిండా?"

"మాట లేదు, మన్ను లేదు." గొంతు తగ్గించింది. "వాడు పోయిన మూడోనాడు, పాదిరి సారు వద్దన్న గని పిట్టకు వెట్టిన. కాకి ముట్టలే. నేను గూడ కూడు ముట్టకుంట కూసున్న. గీ పిచ్చోడు వచ్చి, సీమోను నాతోనే ఉన్నడవ్వా, ఆకలైతుందంటుండు అని గా కూడు తిన్నడు. అప్పుడు గాని నేను తినలే. నా కోసమే గిన్నేండ్లు వాన్ని ఎంబడేసుకోని తిరిగిండు. నాకు తెల్వదా?"

"మరి తెలిసి గీ కొట్లాటకెందుకు తోలినవు?"

"గోడ దిక్కు మొకం వెట్టి పండె గదా. నేను లెమ్మంటె లేస్తడా? సీమోను మాటంటె లేస్తడు. ఒక కొడుకును మన్నుల వెట్టిన. ఇంకొకన్ని మంచంల పండనిస్తనా?"

ఎవరి కోసం ఎవరు ఎవరిని వెంటేసుకుని తిరుగుతున్నారో ఆలోచిస్తూ నిలబడ్డాను. సాలవ్వ మాత్రం ఖాళీ అయిన తాళ్ల మధ్యకు చూస్తూ మురిసిపోతోంది.

"నా సీమోను గీ సింగు పేరు ఇంటేనే చెంబు వట్టుకోని ఉరికెటోడు. ఇయ్యాల గా గుద్దు జూసినవా బిడ్డా? సచ్చినంక గాని ధైర్యం రాలే నా కొడుక్కు."