కోడలి నవ్వు, మామగారి నాణేలు

భయమేస్తే కొందరికి చెమటలు పడతాయి, కొందరికి నోట మాట పెగలదు. మా వీధి చివర బట్టలు సరిచేసే దర్జీ ఆవిడకి నవ్వొస్తుంది. అది ముందు ముక్కులో మొదలై, భుజాల్లోకి దిగి, ఆఖరికి మనిషి మొత్తాన్నీ పాత కుట్టుమిషనులా కుదిపేస్తుంది. చిన్నప్పుడు పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చూసి నవ్వితే బయటికి పంపేశారు. పెళ్ళిరోజు సంతకం పెట్టమంటే పెన్ను పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, నెమ్మదస్తుడు. ఆయన తొందరగానే అలవాటుపడ్డాడు. వీధిలో వాళ్ళు ఆవిడకి కిలకిల అని పేరు పెట్టుకున్నారు.

అలవాటుపడనిది ఆడపడుచు ఒక్కతే. మొగుడికి అక్కగారు, బడిలో హెడ్‌మిస్ట్రెస్. వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు వినపడితే పిల్లలే కాదు, టీచర్లు కూడా సర్దుకుని కూర్చుంటారు. మామగారు ఆస్పత్రిలో పోయిన రోజు, డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపగానే కిలకిల నవ్వేసింది. నోరు నొక్కుకుంది, గోడవైపు తిరిగింది, అయినా ఆగలేదు. అప్పట్నించి ఆడపడుచు ఆమెతో మాట్లాడటం మానేసింది. ఏదైనా చెప్పాల్సొస్తే తమ్ముడికి చెప్పి వెళ్ళిపోయేది.

వాళ్ళిద్దర్నీ మళ్ళీ ఒకచోట కూర్చోబెట్టినవి నాణేలు. మామగారు బస్సు కండక్టరు. టికెట్ల చిల్లరలో ఏదైనా వింత నాణెం వస్తే, తన జేబులోంచి సరిపడా డబ్బు సంచీలో వేసి దాన్ని ఇంటికి తెచ్చుకునేవారు. అలా పోగైనవి రెండు రేకు డబ్బాలు. పోకముందే కూతురికొకటి, కోడలికొకటి అని తనే చేతికిచ్చారు. కొడుకు ఊసెత్తలేదు. ఎత్తకపోవడానికి కారణముంది. చిన్నప్పుడు ఆ పుత్రరత్నం వాటిలో కొన్నిటికి చిల్లులు పెట్టి సైకిలుకి వాషర్లుగా బిగించాడు.

అమ్ముదామనుకున్నాక, మొత్తం కలిపి తెస్తేనే చూస్తానన్నాడు నాణేల వ్యాపారి. తప్పనిసరై ఇద్దరూ బయల్దేరారు. బస్సులో ముందు సీట్లో ఒకరు, వెనక సీట్లో ఒకరు, ఒళ్ళో చెరో డబ్బా.

గడియారాల షాపు పైన ఇరుకు గది అది. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ, వంగిన దీపం, అరచేతిలో పట్టే తక్కెడ. వ్యాపారి సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కళ్ళకొక జోడు, నుదుటి మీద ఇంకొక జోడు. ముందు హెడ్‌మిస్ట్రెస్ డబ్బా మూత తీసి, దీపం పక్కకి తిప్పేశాడు. లోపల నాణేలు కొత్త చెంచాల్లా తళతళలాడుతున్నాయి.

"వీటిని ఎవరు తోమారు?" అన్నాడు మెల్లిగా.

హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"నేనే," అంది హెడ్‌మిస్ట్రెస్. "మాసిపోయి ఉన్నాయని."

"దేంతో?"

"టూత్‌పేస్టుతో."

వ్యాపారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాణెం వయసంతా ఆ మాసిన రంగులోనే ఉంటుందమ్మా. తోమితే గీతలు పడతాయి, ధర పడిపోతుంది. ఇంకెప్పుడూ చెయ్యకండి."

"చెయ్యను," అంది ఆవిడ, బెంచీ ఎక్కిన పిల్లలా.

కిలకిల ముక్కు అదిరింది. గట్టిగా పెదవి కొరుక్కుంది.

రెండో డబ్బాలోవి ఎవరూ తోమలేదు. వ్యాపారి ఒక్కొక్కటే అంచులు పట్టుకుని తీసి, తూచి, భూతద్దంలో చూసి మూడు కుప్పలు పెట్టాడు. మామూలువి ఒక కుప్ప, కాస్త విలువైనవి ఒకటి, చిల్లులవి ఒకటి. ఉన్నట్టుండి ఆయన చెయ్యి ఆగింది. ఆ నాణెం మీద బొమ్మ సగం పక్కకి జారిపోయి ఉంది, మిగతా సగం నున్నగా, బోడిగా ఉంది.

"అది పాడైపోయింది కదా," అంది హెడ్‌మిస్ట్రెస్.

"పుట్టడమే అలా పుట్టింది. అచ్చు గుద్దేటప్పుడు బిళ్ళ పక్కకి జరిగింది. ఇలాంటివి బయటికి రాకుండా ఏరేస్తారు. ఇదెలాగో తప్పించుకుంది." ఒక్క క్షణం ఆలోచించి ధర చెప్పాడు.

ఆ ధరకి కిలకిల జన్మలో చూడనన్ని కుట్టుమిషన్లొస్తాయి. ఆమెకి భయమేసింది. దాంతో భుజాలు కదిలాయి. నవ్వు తన్నుకొచ్చేసింది.

వ్యాపారి మొహం ఎర్రబడింది. "సరేనమ్మా, తక్కువ చెప్పాననుకుంటున్నారు," అని ధర పెంచాడు.

అది విని ఆమెకి ఇంకా భయమేసింది. తల బల్లకి ఆనించి మరీ నవ్వింది. హెడ్‌మిస్ట్రెస్ మరదలి మోచెయ్యి గిల్లింది. గిల్లిన చేతికి ఆ వణుకు తెలిసింది. వంగి చూస్తే కిలకిల మొహం పాలిపోయి ఉంది, కళ్ళు బెదురుగా ఉన్నాయి, నోరు మాత్రం తన మానాన తను నవ్వుతోంది.

వ్యాపారి మూడో ధర చెప్పాడు.

అప్పుడు హెడ్‌మిస్ట్రెస్ ముక్కులోంచి గుర్రుమని ఒక శబ్దం వచ్చింది. ఆవిడ ఎప్పుడైనా నవ్వినట్టు ఎవరికీ గుర్తులేదు. కుర్చీ పట్టుకుంది, హ్యాండుబ్యాగు మొహానికి అడ్డం పెట్టుకుంది, లాభం లేకపోయింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలిపోయి పొట్ట పట్టుకున్నారు.

కాసిని నీళ్ళు తాగాక కిలకిల నిజం చెప్పేసింది. "ఎగతాళి కాదండీ. భయమేస్తే నాకు నవ్వొస్తుంది. మీరు చెప్పిన మొదటి ధరకే హడలిపోయాను."

వ్యాపారి కుర్చీలో వెనక్కి వాలాడు. "మొదటిది కొంచెం తక్కువే చెప్పాను. రెండోది న్యాయమైన ధర. మూడోది మిమ్మల్ని చూసి కంగారులో అన్నాను."

"అయితే రెండోదే ఇవ్వండి," అంది హెడ్‌మిస్ట్రెస్ కళ్ళు తుడుచుకుంటూ. టూత్‌పేస్టు నాణేల్ని కూడా ఆయన దానికి కలిపి తీసుకున్నాడు. చిల్లులవి వెనక్కిచ్చాడు.

వీధిలోకొచ్చాక ఆడపడుచు ఆగింది. "ఆ రోజు ఆస్పత్రిలో కూడా ఇంతేనా?"

"ఇంతే వదినా. ఆయన లేకుండా ఇల్లు ఎలా ఉంటుందో అని భయమేసింది."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా."

"మీరన్నా భయమే కదా. చెప్పబోతే మళ్ళీ నవ్వొచ్చేది."

హెడ్‌మిస్ట్రెస్‌కి మళ్ళీ గుర్రుమని వచ్చింది. మరదలి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, ఎదురుగా ఉన్న ఆటవస్తువుల దుకాణంలోకి లాక్కెళ్ళింది. చిన్నప్పుడు నాన్నని అడుగుదామనుకుని అడగలేకపోయిందట. చక్రాల బూట్లు, ఎర్రవి, తన సైజు కావాలంది. దుకాణం అతను ఎవరికని అడిగితే, "కనపడట్లేదా, నాకే," అంది.

కిలకిల గుండీల కాజాలు తనే కుట్టే మిషను కొనుక్కుంది. ఇప్పుడు వీధిలో సగం పెళ్ళికోట్లు ఆమె దగ్గరికే వస్తున్నాయి. ఆదివారం పూట మాత్రం కొట్టు మూసి వదినగారి బడికి వెళ్తుంది. గేటుకి గడియ పెట్టి, ఖాళీ ఆవరణలో చక్రాల బూట్లేసుకున్న హెడ్‌మిస్ట్రెస్ నడుం పట్టుకుని పరిగెడుతుంది. వదులు అంటే వదలాలి, పట్టుకో అంటే పట్టుకోవాలి. మొన్న వదులు అని అరిచి ఆవిడ మొక్కల కుండీల దాకా ఒంటరిగా వెళ్ళిపోయింది. ఎలా ఆగాలో మాత్రం ఇంకా నేర్చుకోలేదు.