మచ్చలు తీసేసిన చందమామ

పేపర్లో తిండి ప్రకటనలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బిస్కెట్ల పక్కన నవ్వే పాప, నూనె డబ్బా పక్కన నవ్వే తల్లి. ఒక్కరికీ ఆకలైనట్టుండదు. ఒకటి చూపించి ఇంకొకటి గుర్తుకు తేవాలి, నోట్లో నీళ్లు అప్పుడూరతాయి. ఈ సిద్ధాంతంతోనే పంతొమ్మిదివందల అరవై ఏడులో ఒక జొన్నరొట్టెల కొట్టును ముంచబోయాను.

తార్నాక చౌరస్తా దగ్గర, నేను చిన్నమ్మ అని పిలిచే ఒకామె ఆ కొట్టు పెట్టింది. మా యూనివర్సిటీ హాస్టల్ వాళ్లకు జొన్నరొట్టె అంటే ఊళ్లో వదిలేసి వచ్చిన బీదతనం. మెస్సులో అన్నం ముద్దగా ఉన్నా సరే, అది చదువుకున్నవాళ్ల అన్నం. నేనొక్కణ్ణే రోజూ పోయేవాణ్ణి.

"ఎండకాలం దాంక చూస్త బిడ్డా. పోరగాండ్లు రాకుంటే పొయ్యి ఆర్పి ఊరికి పోత" అంది చిన్నమ్మ.

హాస్టల్ వార్షిక సంచికలో ఆమె కొట్టుకు ప్రకటనగా ఒక బొమ్మ వేశాను. మా కాలేజీ ముఖద్వారపు కమాన్ల మీద నిండు చందమామ. దగ్గరగా చూస్తే చందమామ కాదు, పెనం మీద కాలిన రొట్టె. మచ్చలు దానికీ ఉంటాయి, దీనికీ ఉంటాయి. నాకున్న తెలివంతా ఆ మచ్చల్లోనే పెట్టాను. కింద ఒకటే మాట: తార్నాకలో రోజూ పున్నమి.

బొమ్మను జింకు రేకు మీదికి ఎక్కించి అచ్చుకు బ్లాకు చేసే ఆయన ముషీరాబాద్‌లో ఉండేవాడు. సంచికలు కట్టలుగా హాస్టల్‌కు వచ్చాక తెరిచి చూశాను. కమాన్ల మీద తెల్లటి సున్న. ఒక్క మచ్చ లేదు.

నా రూమ్మేటు తొంగి చూశాడు. "ఏందిరా, తార్నాకల రోజూ ఖాళీ పళ్లెమేనా?"

వాణ్ణి కొట్టకుండా సైకిలెక్కాను. ముషీరాబాద్ దాకా పెడళ్ల మీదే కోపం తీర్చుకున్నాను.

"అన్నా, మచ్చలేవి?"

"తీసేసిన తమ్మీ, ఫికర్ చెయ్యకు" అన్నాడు బ్లాకులాయన ప్రేమగా. "ఎలక్షన్లల్ల లీడర్ల మొఖాల మీది అమ్మోరి మచ్చలు గూడ నేనే తీస్త. ఒక్కలన్న వద్దన్నరా?"

"అది రొట్టె అన్నా!"

"రొట్టె గింత తెల్లగుంటదా?"

ఇంత అన్యాయమైన ప్రశ్న నన్ను ఏ పరీక్షలోనూ అడగలేదు.

మర్నాడు సాయంత్రం సంచికలు పంచుతారు. పొద్దున్నే చిన్నమ్మకు నిజం చెప్పి, కట్టలు విప్పి పెన్నుతో ఒక్కొక్క కాపీలో మచ్చలు పెట్టసాగాను. ఆ కాగితం మీద సిరా పాకింది. చందమామకు గజ్జి పట్టినట్టయింది. మధ్యాహ్నం చిన్నమ్మ పెనం చంకన పెట్టుకుని వచ్చింది.

"ఆపు బిడ్డా. గట్ల గాలదు రొట్టె."

పెనం అడుగు మసి వేలికి అద్దుకుని నడుమ పెద్దది, అంచుకు రెండు చిన్నవి పెట్టింది. పుట్టినప్పటి నుంచి రొట్టెలు కాల్చిన వేలు, గురి తప్పుతుందా? నేను పేజీలు తిప్పాను, ఆమె కాల్చింది.

ఆ మసి చదివినవాళ్లందరి చేతులకూ అంటింది. నేనూ రొట్టెల చిన్నమ్మా కలిసి పుస్తకం పాడుచేశారని సంపాదకుడు నోటీసు పెట్టాడు. మర్నాడు తొమ్మిదిమంది కోపంతో తార్నాక దాకా నడిచిపోయి, నల్లటి వేళ్లు ఆమె ముందు చాపారు.

చిన్నమ్మ చెంబుతో నీళ్లు పోసింది. వాళ్లు కడుక్కునేదాకా ఆగింది.

"చేతులు కడిగిన్రు గదా. ఇగ కూసోన్రి, తినున్రి."