శెనక్కాయల అంచున

సమస్త స్తుతి, మహిమ ప్రభువుకే కలుగును గాక. కాళ్లకు బలాన్నీ మనసుకు ఓర్పునూ ఇచ్చేవాడు ఆయనే. ఆయన మా ఇంట చేసిన మేలు చిన్నదే అయినా, చెప్పకుండా ఉండలేను.

మాది పెనుకొండ. మా అక్క బాస్కెట్‌బాల్ ఆడుతుంది. తెల్లవారుజామున కుటుంబ ప్రార్థనలో నాయన ఆమేన్ అనేలోపే ఆమె చేయి బూట్ల తాళ్ల మీద ఉంటుంది. బంతి తిరిగి అందించే పని నాది. నిరుడు ధర్మవరంలో జిల్లా జట్టు ఎంపికలకు పోతే, చేతిలో బంతి నిలవడం లేదని వెనక్కి పంపారు. వయసు ప్రకారం ఈ ఏడే ఆమెకు ఆఖరి అవకాశం.

సరిగ్గా ఎంపికల ముందు నెలలో, మేము ఆడే సిమెంటు కోర్టు నిండా వేరుశెనక్కాయలు ఆరబోశారు. మా వైపు అది మామూలే. వాన భయం ఉన్నప్పుడు రైతుకు సిమెంటు నేల ఎక్కడ కనిపిస్తే అదే కళ్లం. కాయల దగ్గర ఒక అవ్వ కర్ర పట్టుకొని కాపలా కూర్చుంది.

"ఏమే పాపా, ఆ గుండు తెచ్చి నా కాయలు చిట్లగొడ్తావా?"

"లేదవ్వా. ఈ అంచున రొంత జాగా ఇయ్యి, సాలు."

"రొంత జాగాలో ఏం ఆడతావే? కోడిపిల్లక్కూడా సాలదు."

"నాకు సాలుతాది."

అవ్వ కర్రతో కాయలను లోపలికి నెట్టింది. గీత పొడవునా ఒక మనిషి నడిచేంత దారి ఏర్పడింది. ఒక పక్క కాయలు, ఇంకో పక్క ముళ్లకంప. ఆ దారిలోనే అక్క బంతి కొడుతూ పోయి రావాలి. బంతి కాయల్లో పడితే అవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకునేది. అక్క చెదిరిన కాయలు సర్ది, ఆరబోసినవి కాళ్లతో తిరగేసి వచ్చాకే ఇచ్చేది. మొదటి రోజు అక్క ఆడినదానికంటే కాయలు తిరగేసిందే ఎక్కువ.

"కిందికే చూస్తాండావే, దుడ్లేమన్నా పడిపోయినాయా?" అని అవ్వ నవ్వింది.

ఆ మాటకు రోషమొచ్చి అక్క తలెత్తింది. అవ్వ ముఖమే చూస్తూ బంతి కొట్టసాగింది. కుడి చేయి, ఎడమ చేయి. పడింది. కాయలు సర్దింది. మళ్లీ మొదలుపెట్టింది.

ఆదివారం సంఘంలో ప్రార్థన మనవులు చెప్పే వేళ అక్క లేచి నిలబడింది. "నన్ను గెలిపించమని అడగొద్దండి. విసుగు రానీయొద్దని అడగండి" అంది. "ఆడబిడ్డకు ఈ ఎగురులాట యాలమ్మా?" అని సణిగిన పెద్దాయనే అందరికంటే గట్టిగా ప్రార్థించాడు.

ఎంపికల రోజు ధర్మవరంలో ఇద్దరు పొడుగు అమ్మాయిలు ఆమెను గీత అంచుకు తోసి అడ్డం నిలిచారు. నిరుడు బంతి పోయింది అలాంటి చోటే. ఈసారి అక్క కిందికి చూడలేదు. వాళ్లకూ గీతకూ మధ్య ఉన్న సందులోంచి బంతితో సహా బయటపడింది. బుట్టలోకి వేసినవి మాత్రం చాలావరకు గురి తప్పాయి. నెలంతా బుట్ట దగ్గరికే పోలేదు కదా. జట్టులో అందరికంటే చివర చదివిన పేరు ఆమెది.

మర్నాడు వేకువన కోర్టుకు పోతే కాయలు ఎత్తేశారు. నేలంతా ఖాళీ. నేను సంతోషంగా బుట్ట కిందికి పరుగెత్తాను. అక్క ముందు ఆ అంచుకే పోయి నిలబడింది.

"ఈడ అయినాకే ఆడికి" అంది.

ఇప్పుడామె హిందూపురంలో శిక్షణ శిబిరంలో ఉంది. పోటీలు ఇంకా ముందున్నాయి. చదువుతున్న మీరూ ఒక్క క్షణం మాతో తల వంచండి. ప్రభువా, గెలుపు నీ చిత్తం. మా అక్కకు విసుగు మాత్రం రానీయకు. ఆమేన్.