బొట్లు పెట్టిన పటం

పంతొమ్మిది వందల యాభైల్లో నేను డోన్‌లో ఒక వేరుశనగ నూనె మిల్లులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. అక్కడ ఒక్క ఆయిల్ ఇంజనే యంత్రాలన్నిటినీ తిప్పేది. ఒక చివర కాయలు పోస్తే, బెల్టులన్నీ వాటంతటవే తిరిగి, ఇంకో చివర నూనె కారేది. ఏ బెల్టు దేన్ని తిప్పుతుందో పాత మెకానిక్కు ఒక్కడికే తెలుసు. అతను మానేసి వెళ్లాక మా యజమానికి జ్ఞానోదయమైంది.

"సదువుకున్నోనివి గదప్పా, అంతా బొమ్మ గీసి పెట్టు. రేపు కొత్తగా వచ్చేటోడు ఎవురినీ అడిగే పని ఉండగూడదు," అన్నాడు.

కళ్లు పోయేలా గీశాను. ఏది ఆగితే ముందు ఏది చూడాలో బాణం గుర్తులు కూడా వేశాను. యజమాని మురిసిపోయి, దానికి అద్దం బిగించి గోడకు తగిలించాడు. అంతటితో ఊరుకుంటే ఆయన యజమాని ఎందుకవుతాడు? ఆయుధపూజ నాడు యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టించి, పటంలోని యంత్రాలకు మాత్రం లోటెందుకని, ఒక్కొక్కదానికీ గంధం పూసి కుంకుమ అద్దించాడు. మర్నాడు నేను గుడ్డ పట్టుకుపోతే, "పూజ చేసిన బొట్టు తుడుస్తావా?" అని నన్నే తిట్టాడు. నా బొమ్మ అంత పవిత్రమైపోయాక, దాన్ని చదివే ధైర్యం ఇంకెవరికుంటుంది?

ఎండాకాలంలో మిల్లు ఆగిపోయింది. గుత్తి నుంచి కొత్త మెకానిక్కు వచ్చాడు. "అంతా దాంట్లోనే ఉండాది, చూసుకో," అని యజమాని గర్వంగా గోడవైపు చూపించాడు. అతను ఆ పటాన్ని చాలాసేపు చూశాడు. పానాల సంచి కింద పెట్టి, చెప్పులు విడిచి, యజమానిని అడిగాడు: "టెంకాయ యాడ కొట్టల్ల సామీ?"