వృషభ రాశివారికి వచ్చిన మెసేజ్

ఒక్క ఉగాది పూట, ఒక్క టాబ్లెట్‌తో, హామిల్టన్ తెలుగువాళ్ళందరి ముందూ ఒక పెద్దావిడ పరువూ, మా ఇంటి ఓనర్ ఆంటీ ప్రాణమూ కలిపి తీయబోయాను. పైగా దాన్ని సేవ అనుకున్నాను. అప్పటి నన్ను ఇప్పుడు తల్చుకుంటే చెంప పగలగొట్టాలని చెయ్యి దురద పెడుతుంది.

ఆ రోజుల్లో హామిల్టన్‌లో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా మన తెలుగు స్టూడెంటే తీసేవాడు. నేనూ, నా రూమ్మేట్ కిరణ్‌గాడూ వాసంతి ఆంటీ వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పొద్దున కాలేజీలో ప్రోగ్రామింగ్, సాయంత్రం కాఫీ షాపులో కప్పులు కడగడం. పై అంతస్తులో ఆంటీ వాళ్ళ అమ్మగారు రాజ్యలక్ష్మి గారు. ఒకప్పుడు రేడియోలో వార్తలు చదివిన మనిషి. ఆవిడ "పప్పులో ఉప్పు తగ్గింది" అన్నా ప్రభుత్వం పడిపోయినట్టుండేది.

అలాంటావిడకి చదువు పోయింది. కళ్ళు బాగానే ఉన్నాయి. కళ్ళు పంపినదాన్ని మెదడు పేర్చుకోలేకపోతోందట. అదో రకం డిమెన్షియా అన్నారు డాక్టర్లు. పేజీ తెరిస్తే వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి.

నేను ఊరుకుంటానా? రెండు సెమిస్టర్ల ప్రోగ్రామింగ్ ఒంట్లో పొంగుతోంది! ముందు అక్షరాలు గుమ్మడికాయలంత చేసి టీవీలో పెట్టాను.

"అబ్బాయ్, ఇదేమిటి?"

"'క' అమ్మమ్మగారూ."

"గోడంత 'క' పెడితే ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపను? చిన్నది చెయ్యి!"

"పెద్దదైతేనే కదండీ కనపడేది?"

"కనపడకేం! కనపడ్డవన్నీ కలవట్లేదు నాయనా!"

అది నా బుర్రకెక్కడానికి వారం పట్టింది. చివరికి టాబ్లెట్ తెర మధ్యలో ఒక్కో మాటే కనపడేలా చిన్న యాప్ రాశాను. వేలితో తాకితే తర్వాతి మాట. ఆవిడ ఒక్కో మాటా తాకుతూ ఒక కథ మొదటి పేరా పూర్తిచేసి, టాబ్లెట్‌ని ఒళ్ళోకి లాక్కుని రెండో పేరాకి వెళ్ళారు. ఆంటీ వంటింట్లోకి వెళ్ళి ముక్కు చీదారు.

అక్కడితో ఆగితే నేను మహానుభావుణ్ణి. ఆగలేదు. మనవల మెసేజ్‌లు కూడా చదువుకుంటారని, ఏ మెసేజ్ వచ్చినా చదువుతున్నదాన్ని ఆపి ముందు అదే వచ్చేలా పెట్టాను. ఆ టాబ్లెట్ నాదేననీ, అందులో ఉన్న ఖాతా నాదేననీ మాత్రం మర్చిపోయాను.

ఉగాది సభలో రాశిఫలాలు చదవమని ఆవిణ్ణి అడిగారు. "అమ్మ తడబడితే నలుగురిలో నవ్వులపాలవుతుందిరా" అని ఆంటీ భయపడ్డారు. "పూచీ నాది" అన్నాను. ఆ రోజు షాపులో నాకు పగలే షిఫ్టుంది. మేనేజర్ అడిగితే ఏదో ఒకటి చెప్పమని కిరణ్‌గాడికి అప్పజెప్పి, నేను సభలో ముందు వరసలో కూర్చున్నాను.

మేష రాశి దివ్యంగా సాగింది. హాలంతా చెవులు రిక్కించింది.

"వృషభ... రాశి... వారికి..." వేలు తాకింది. "మేనేజర్... ఫోన్... చేశాడు."

అది కిరణ్‌గాడు నాకు పెట్టిన మెసేజ్!

"విరేచనాలు... పట్టుకున్నాయని... చెప్పాను." అదే గంభీరమైన గొంతు. "సాయంత్రం... దాకా... బాత్రూమ్‌లోనే... ఉన్నట్టు... నటించు."

ముందు వరసలో ఒక అంకుల్ లేచి నిలబడ్డారు. "నాది వృషభమే అమ్మా. ఏడాదంతానా?"

హాలు విరగబడి నవ్వింది. ఆ నవ్వుల మధ్యే నా వెనక ఎవరో, "పాపం, పెద్దావిడకి మతి చెడినట్టుంది" అన్నారు. ఆంటీ ఆ మాట విన్నారు. మైక్ లాక్కోవడానికి లేచారు. ఆవిడ కన్నా ముందు నేను స్టేజీ మీదికి దూకాను.

"ఆవిడ తప్పేం లేదండీ! మెసేజ్ నాది! ఆ విరేచనాలు నావి!"

మైక్ ఆన్‌లో ఉంది.

"అంటే... నాకూ లేవండీ! ఊరికే చెప్పించాను!"

నవ్వు ఇంకా పెరిగింది. రాజ్యలక్ష్మి గారు మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగారు. "అబ్బాయ్, నేను అందులో ఉన్నదే చదివానా?"

"ఒక్క అక్షరం పొల్లు పోలేదు అమ్మమ్మగారూ."

"అయితే తప్పు రాసినవాడిది, చదివినదానిది కాదు. పక్కకి జరుగు, మిథునం వాళ్ళు ఎదురుచూస్తున్నారు."

నేను టాబ్లెట్‌లో వైఫై ఆపేశాను. ఆవిడ మీనం దాకా ఏకధాటిగా చదివారు. చివర్లో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆంటీ నావైపు చూసిన చూపులో మాత్రం చప్పట్లు లేవు.

ఆ సాయంత్రం ఉగాది పచ్చడి గిన్నె ముందు నిలబడి ప్రమాణం చేశాను. ఇంకొకరు చదువుకోడానికి ఇచ్చే టాబ్లెట్‌లో నా ఖాతా ఉంచను. మెసేజ్‌లు ఆపకుండా ఎవర్నీ స్టేజీ ఎక్కించను. ఇక విరేచనాలు నిజంగా పట్టుకున్నా సరే, ఏ మేనేజర్‌కైనా జ్వరమనే చెబుతాను.