ఇబ్రి దాకా వెళ్ళిన అడ్మిన్

పోయిన వారం ఒక ఉదయం మా డెంటిస్టుల గ్రూపులో ఒక విద్యార్థి జ్ఞానదంతం ఎక్స్‌రే పెట్టి, "మేడమ్, నరానికి మరీ దగ్గరగా ఉందా?" అని అడిగాడు. కాసేపటికి మేడమ్ నంబరు నుంచే జవాబు వచ్చింది. "నేను వాళ్ళ అమ్మాయిని. అమ్మ ఈ తెల్లవారుజామున గుండెపోటుతో చనిపోయింది." మస్కట్ పక్కనే ఉన్న అల్ అమెరాత్‌లోని మా క్లినిక్‌లో అప్పుడే మొదటి పేషెంటు కుర్చీలో కూర్చున్నాడు. గ్లవ్స్ తీసేసి, బయటికొచ్చి, ఆ మాటలు మళ్ళీ చదివాను. ఈలోగా ఆ విద్యార్థి తన ప్రశ్నను తుడిచేశాడు.

మేడమ్‌ది కరీంనగర్. మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో నోటి, దవడ ఆపరేషన్లు చేసేవారు. ఇల్లు అల్ హైల్‌లో. ఇక్కడి చిన్న క్లినిక్కుల్లో ఒక్కో డెంటిస్టు ఒంటరిగా పనిచేస్తారు. పన్ను సగంలో విరిగితే పక్కగదిలో అడగడానికి సీనియర్ ఉండరు. అలాంటి మాకోసమే ఆవిడ గ్రూపు పెట్టారు. తర్వాత మనవైపు కాలేజీల విద్యార్థులూ చేరారు. పాత ప్రశ్నపత్రాలు, పాఠాల వీడియోలు, కేసుల ఫొటోలు, ఎప్పుడూ ఏదో ఒక సందేహం. కడప నుంచి వచ్చి లైసెన్సు పరీక్షకు చదువుకుంటున్న రోజుల్లో నేనూ అక్కడే ధైర్యం తెచ్చుకున్నాను.

మేడమ్ జవాబులు రాసేవారు కాదు. "రాసుడు నాతోని గాదు బిడ్డా" అని గొంతు రికార్డు చేసి పంపేవారు. బయట ఎండలో ఎవరైనా ఎక్స్‌రే పంపితే, చున్నీని తలమీంచి ఫోను మీదికి కప్పుకుని ఆ చీకట్లో చూసేవారు. దారిన పోయేవాళ్ళు నవ్వుకున్నా పట్టించుకునేవారు కాదు. ఆవిడకు భయం ఎక్కువ. పన్ను తీశామని చెబితే మర్నాడు తప్పకుండా "రక్తం ఆగిందా?" అని అడిగేవారు. జవాబు రాకపోతే ఫోన్ చేసేవారు.

ఆ భయం నాకు పూర్తిగా అర్థమైంది మస్కట్‌కు మూడు గంటల దూరంలోని ఇబ్రి వెళ్ళినప్పుడు.

ఇబ్రిలో పనిచేసే మా గ్రూపు కుర్ర డాక్టరు ఒకతను, చెంప వాచిన ఒక మేస్త్రీ ఫొటో పెట్టి సలహా అడిగాడు. ముఖమంతా కనిపించే ఫొటో. గ్రూపులో ఎవరో జాలిపడి దాన్ని బయటికి పంపారు. అది చేతులు మారి, "క్యాన్సర్, సాయం చేయండి" అన్న మాటలు తగిలించుకుని, నిర్మల్ దగ్గర ఆ మేస్త్రీ ఊరివాళ్ళ గ్రూపులో పడింది. అతని భార్య చూసింది.

కుర్ర డాక్టరు మేడమ్‌కు ఫోన్ చేసి ఏడ్చాడట, లైసెన్సు పోతుందని. "ముందుగాల ఆయన సంగతి చూద్దాం, నీ లైసెన్సు తర్వాత" అని మేడమ్, ఆ శుక్రవారమే నన్ను కారు తియ్యమన్నారు.

"మనం పోవల్లనా మేడమ్? ఫోన్లో చెప్తే చాలదా?" అన్నాను.

"ఫొటో ఫోన్ల పోయింది. మాఫీ గూడ ఫోన్లనే అడుగుదామా?"

దారి పొడవునా ఆవిడ సీటు బెల్టును పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుంటూ కూర్చున్నారు.

మేస్త్రీ తన రూమ్‌లో కింది మంచం మీద, చెంపకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. కుర్ర డాక్టరు తలుపు దగ్గరే నిలబడిపోయాడు. మేడమ్ వెళ్ళి మంచం అంచున కూర్చున్నారు.

"ఆ ఫొటో మా గ్రూపులకెల్లే బయటవడ్డది. ఆ గ్రూపుకు నేనే పెద్దను. నిన్ను అడగకుంట నీ మొఖం అందరికి చూపిచ్చినం. తప్పయింది."

అతను చెంపకున్న తువ్వాలు విప్పాడు. "మా ఆమె అన్నం ముడుతలేదు మేడం. కంపెనీల తెలిస్తె టికెట్ చేతుల పెట్టి ఇంటికి పంపుతరు. ఇంతకు నాకు క్యాన్సరేనా?"

మేడమ్ గ్లవ్స్ వేసుకుని నోరు చూశారు, దవడ ఎముకను వేళ్ళతో తడిమారు. కాదని చెబితే బాగుండునని నేననుకున్నాను.

"నాకైతే దవడల నీటి సంచి లెక్క కొడ్తున్నది. గని ముక్క తీసి పరీక్ష చేసేదాక ఒట్టేసి చెప్పలేను."

అతను ఫోను తీశాడు. భార్యకు వీడియో కాల్ చేసి ఫోను మేడమ్‌ చేతికిచ్చాడు. "నిజం చెప్పుండ్రి అమ్మా. బతుకుతడా?" అని అడిగింది భార్య.

"రిపోర్టు వచ్చిన్నాడు ముందు మీ ఇద్దరికే చెప్త. అప్పటిదాక ఎవ్వలు ఏం రాసినా నమ్మకు బిడ్డా."

తిరుగుదారిలో టీ కోసం ఆగాం. "కాదని ఒక్క మాట అనుంటే వాళ్ళు ఈ రాత్రన్నా నిద్రపోయేవాళ్ళు కదా" అన్నాను, కొంచెం కోపంగానే. "కాదని చెప్పినంక రిపోర్టుల ఔనని వస్తే, ఆమె ఇంకెవ్వల మాట నమ్ముతది?" అన్నారు మేడమ్. టీ ముట్టకుండా కప్పు పక్కన పెట్టి, ఆ పరీక్ష గురించి అప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేశారు. నాకంటే ఆవిడే ఎక్కువ భయపడుతున్నారని అప్పుడు తెలిసింది.

తన ఆసుపత్రిలోనే పరీక్ష చేయించారు. రిపోర్టు వచ్చేవరకు ఎవరూ ఏమీ పెట్టకుండా గ్రూపు మూసి ఉంచారు. వచ్చింది నీటి సంచే, క్యాన్సర్ కాదు. మాట ఇచ్చినట్టే ముందు వాళ్ళిద్దరికీ చెప్పి, ఆ తర్వాత మాకు చెప్పారు. ఆపరేషన్ అయ్యాక మేస్త్రీ మళ్ళీ డ్యూటీకి వెళ్ళాడు. కుర్ర డాక్టరు లైసెన్సుకూ ఏమీ కాలేదు.

కానీ మేడమ్ అంతటితో ఊరుకోలేదు. ఏళ్ళుగా పోగైన కేసుల ఫొటోలన్నీ గ్రూపులోంచి తుడిచేశారు. విద్యార్థులు మండిపడ్డారు. "పరీక్షల ముందు ఇట్లా చేస్తే మేం ఎలా చదవాలి మేడమ్?" అని ఒకమ్మాయి రాసింది. చాలామంది వెళ్ళిపోయి వేరే గ్రూపు పెట్టుకున్నారు. మేడమ్ నొచ్చుకున్నారు గాని పట్టు వదల్లేదు. మిగిలినవాళ్ళకు ఆవిడ పంపిన మాటలు నా దగ్గర ఇంకా ఉన్నాయి: "మనల్ని నమ్మి నోరు తెరుస్తడు పేషెంటు. ఊరంత చూడుండ్రి అని గాదు." అప్పటినుంచి పేషెంటును అడిగి, ముఖం, పేరు లేకుండా పెడితేనే కేసు. అలా కేసులు ఒక్కొక్కటిగా మళ్ళీ చేరాయి. వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు. ఆ అమ్మాయి కూడా.

ఇప్పుడు అడ్మిన్‌గా ఉండమని గ్రూపువాళ్ళు నన్ను అడుగుతున్నారు. సరేనన్నాను. ఫోను మోగిన ప్రతిసారీ చేతిలో పని ఆపి చూసుకుంటున్నాను. ఎవరి ముఖం బయటపడిందో, నాకు తెలియనిది ఎవరు అడిగారో అని. ఇన్నేళ్ళు ఆ గుబులును మా అందరి తరఫునా ఒక్కరే మోశారని తలచుకుంటే ఆవిడకు ఎలా దండం పెట్టాలో తోచదు.

ఆవిడను నేను చివరిసారి చూసింది అల్ హైల్‌లో, ఒక మందుల షాపు ముందు. నా కారు దిగి రెండడుగులు వేశారో లేదో గ్రూపులో ఎవరిదో గొంతు వచ్చినట్టుంది. ట్రాఫిక్ రొదకు ఒక చెవిని అరచేత్తో మూసుకుని, రెండో చెవికి ఫోను ఆనించి, కళ్ళు మూసుకుని వింటున్నారు. దుకాణంలోకి వెళ్ళేవాళ్ళు ఆవిడను తప్పుకుని అటూ ఇటూ నడుస్తున్నారు. వెనక కార్లు హారన్ కొడుతుంటే నేను బండి ముందుకు పోనిచ్చాను. మలుపు తిరిగేదాకా ఆవిడ అక్కడే, కదలకుండా, వింటూనే ఉన్నారు.