పాత కోచ్ ఫోన్

చర్చిలో ఎవరైనా "అంకుల్ ఏం చేస్తారు ఆంటీ?" అంటే నాకు చిరాకు. ఫుట్‌బాల్ కోచ్ అనగానే గోల్స్ గురించి అడుగుతారు. ఆ ఫుట్‌బాల్ కాదమ్మా, ఈ అమెరికావాళ్ళ ఫుట్‌బాల్. అవతలి జట్టు మీద పడి వాళ్ళ వరసని బద్దలుకొట్టే భారీ మనుషులుంటారే, వాళ్ళకి మా ఆయన కోచ్. డిఫెన్సివ్ లైన్ కోచ్. ఆయన పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగులో "కూర బాగుంది" తప్ప ఒక్క ముక్క రాదు.

పెళ్ళయ్యేనాటికి హైస్కూల్లో కోచ్. తర్వాత చిన్న కాలేజీ, ఆ తర్వాత పెద్ద కాలేజీ. అక్కడి హెడ్ కోచ్ ఈయన పని చూసి ముచ్చటపడ్డాడు. తనకి ప్రొఫెషనల్ టీమ్‌లో ఉద్యోగం రాగానే ఈయన్నీ వెంటబెట్టుకుపోయాడు. అక్కణ్ణుంచి ఆ పెద్దాయన ఏ ఊరు మారితే మాదీ ఆ ఊరే. మారినప్పుడల్లా నా ఫార్మసిస్ట్ లైసెన్సు కోసం ఆ స్టేట్ చట్టాల పరీక్ష నేను రాయాలి. పిల్ల కొత్త స్కూల్లో ఒంటరిగా లంచ్ తినాలి. ఈ ఊరొచ్చాక గట్టిగా చెప్పేశాను, పిల్ల హైస్కూల్ అయ్యేదాకా నేను కదలనని.

ఈ పనిలో ఒక ఆచారం ఉంది. హెడ్ కోచ్‌ని తీసేస్తే కింది కోచ్‌లందరూ పోయినట్టే. కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. పోయిన జనవరిలో అదే జరిగింది. సీజన్ అయిన మర్నాడే పెద్దాయన్ని పంపేశారు. ఆ వార్త నేను ఫార్మసీలో నిలబడి ఫోన్లో చూశాను.

"మమ్మీ, మళ్ళీ మూవ్ అవ్వాలా?" అంది పిల్ల, నేను ఇంటికి రాగానే. దానిది పదకొండో క్లాసు, ఇక్కడి హైస్కూల్ అవ్వడానికి ఇంకో ఏడాది ఉంది.

వారం తిరక్కుండా కొత్త హెడ్ కోచ్ మా ఆయన్ని రమ్మన్నాడు. "నువ్వొక్కడివీ ఉండిపో" అన్నాడట. ఈయన ఫోన్ చేసి ఆ ముక్క చెప్పగానే దేవుడికి స్తోత్రం అనుకున్నాను. వెంటనే పాస్టరమ్మగారికి చెప్పి, ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టేసి, బిర్యానీకి ఆర్డర్ కూడా ఇచ్చేశాను. సాయంత్రం ఈయనొచ్చి, ఉండనని చెప్పొచ్చానన్నాడు.

"ఏంటీ?"

"నన్ను పైకి తెచ్చినాయన రోడ్డున పడితే, ఆయన కుర్చీలో కూర్చున్నవాడి దగ్గర నేనెలా పనిచేస్తాను? ఆయనకి ఎక్కడో ఒకచోట ఉద్యోగం దొరుకుతుంది. నన్ను పిలుస్తాడు."

ఆ సాయంత్రం నేనన్న మాటలన్నీ తెలుగులో అన్నాను కాబట్టి సరిపోయింది. అర్థమైన పిల్ల మాత్రం గదిలోకి పోయి తలుపేసుకుంది. కూడిక రద్దు చేయడానికి సిగ్గేసి, దాన్నే ప్రార్థన కూడిక అని చెప్పి, ఆ బిర్యానీయే వడ్డించాను.

పెద్దాయనకి నెల తిరక్కుండానే వేరే టీమ్‌లో దొరికింది. డిఫెన్సివ్ లైన్‌కి మాత్రం ఇంకెవరో చిన్నవాణ్ణి తీసుకున్నాడు. ఆ సంగతి మాకు టీవీలో తెలిసింది. ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె! అప్పటికి మిగతా టీముల్లోనూ ఖాళీలు లేవు. ఈయన పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, బూట్లేసుకుని సోఫాలో కూర్చునేవాడు. ఫోన్ చేతిలోనే. చూస్తే నాకు కోపం, జాలి, మళ్ళీ కోపం.

మార్చిలో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం వడ్డిస్తుంటే ఫోన్ మోగింది. పెద్దాయనే. ఈయన గబుక్కున లేచి నిలబడ్డాడు. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

ఇంతకీ సంగతేంటంటే, మా ఆయన తర్ఫీదిచ్చిన ఆటగాణ్ణి ఒకణ్ణి పెద్దాయన తీసుకోవాలనుకుంటున్నాడు. వాడి మోకాలు ఎలా ఉంది, ఎలా చెబితే వింటాడు అని అడిగాడు. ఈయన ఒక్కటీ దాచలేదు. చెబుతూ చెబుతూ వంటింటి నేల మీద ఒక చెయ్యి ఆనించి వంగి, వాడు నిలబడే తీరు చూపించాడు, ఫోన్లో ఆయనకి కనబడుతున్నట్టు. మొహం వెలిగిపోతోంది. జనవరి నుంచీ ఆ మొహం నేను చూడలేదు.

ఫోన్ పెట్టేశాక అడిగాను. "ఉద్యోగం మాట?"

"ఎత్తలేదు."

"అయినా అంతా చెప్పేశావా?"

"నన్ను కాకపోతే ఎవర్నడుగుతాడు?"

ఒళ్ళు మండింది. ఆ మొహం చూశాక తిట్టడానికి మాత్రం నోరు రాలేదు. "అడగందే అమ్మయినా పెట్టదంటారు మావాళ్ళు. నువ్వే అడుగు. ఎంత చిన్న పనైనా సరే. నేను మళ్ళీ పరీక్ష రాస్తాను, పిల్లకి నేను నచ్చజెప్తాను. వెళ్ళిపోదాం" అన్నాను.

ఆయన కంచం ముందుకి లాక్కున్నాడు.

"పిలవాలనుంటే ఇప్పుడే పిలిచేవాడు కదా" అన్నాడు.